మెట్టపేట శ్రుతి

సోమవారం

పొద్దున్నే చెవి వెనక సూదిబిళ్ళ పెట్టుకుని, మెదడు ఊట ఒక చుక్క తీసి పెట్టెలో వేశాను. శ్రుతి పలికింది. స్తంభాల మీది స్పీకర్లలోంచి ఊరంతా మోగింది. జనం లేచారు, గంజి కాచుకున్నారు, సామచేలకి పోయారు. మెట్టపేటలో అందరూ బాగున్నారు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఈ చిట్టా. తనిఖీవాళ్ళు వస్తే చూపించాలని మా గురువు సన్యాసమ్మ మొదలుపెట్టింది. తనిఖీవాళ్ళు రావడం ఎప్పుడో మానేశారు. నేను రాయడం మానలేదు, ఎందుకంటే పని ఎగ్గొట్టేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట.

ఇవాళ ఇంకో సంగతి ఉంది. నీళ్ళ లారీలోంచి ఒక పిల్ల దిగింది. పిల్ల అంటే పిల్ల కాదు, పాతికేళ్ళు దాటిన మనిషి. మా చెల్లెలు నరసమ్మ కూతురు కస్తూరి. ఉప్పుమళ్ళ దగ్గరి వాళ్ళ ఊళ్ళోకి సముద్రం వచ్చేసిందట. అంతకు ముందే నరసమ్మ జ్వరంతో పోయిందట. నరసమ్మ మంచి మనిషి. గంజిలో ఇంకో గ్లాసుడు నీళ్ళు పోశాను.

ఆ పిల్ల నన్ను పట్టుకుని వీధిలోనే భోరున ఏడ్చింది. అటూ ఇటూ పోతున్నవాళ్ళు తలలు తిప్పి చూసి మళ్ళీ తమ పనిలో పడ్డారు. ఏడ్చి ఏడ్చి ముక్కు చీదుకుని, "తినడానికేటుంది పెద్దమ్మా?" అంది. గంజి పోస్తే నవ్వింది. "ఇదేటి, ఒక్క మిరపకాయన్నా నేదు" అంది. తిన్నాక చీపురు పట్టుకుని పాట అందుకుంది. నా మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి జరిపింది, ఇక్కడయితే గాలి వస్తుందట. చీకటి పడేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

"మీ ఊర్లో పెళ్ళిళ్ళు ఎప్పుడవుతాయి పెద్దమ్మా?" అని అడిగింది. ఆలోచిస్తే ఈమధ్య ఏవీ అవలేదు. "మరి దెబ్బలాటలు?" అవీ లేవు. మాది పెద్దమనుషుల ఊరని చెప్పాను.

"కుక్కలు గూడా పెద్దమనుసులేనేటి? ఒక్కటీ మొరగదు" అంది.

ఎందుకింత గోల చేస్తుందో నాకు అర్థం కాలేదు.

మంగళవారం

కొత్తగా వచ్చినవాళ్ళ ఊటని పెట్టెలో వినకుండా నీళ్ళ వంతు ఇవ్వకూడదు. కూర్చునే జబ్బు వచ్చిన ఏడాది పెట్టుకున్న కట్టుబాటు ఇది. అప్పటికి నేను చిన్నదాన్ని. జనం ఎక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడే ఉండిపోయారు. జ్వరం లేదు, నొప్పి లేదు. చేతిలోకి తీసుకున్న ముద్ద నోటిదాకా వెళ్ళేది కాదు. మా నాన్న గడప మీద కూర్చుని, వాన వచ్చినా లోపలికి రాలేదు. ఊళ్ళో సగంమందిని కాటికి మోశారు. ఆ తరవాతే కొండ ఊళ్ళన్నిటికీ ఒక్కో పెట్టె, దాన్ని వినడానికి ఒక్కో మనిషి వచ్చారు.

పెట్టె చేసేది ఒకటే పని. తలలో ఊరే రసాయనాలని పాటగా మారుస్తుంది. డోపమైన్ పిల్లనగ్రోవిలో వినబడుతుంది. మనిషికి ఏదైనా కావాలనిపించేది దానివల్లే. సెరటోనిన్ వీణ. అడ్రినలిన్ డప్పు. కష్టం మీదపడ్డప్పుడు ఊరే కార్టిసోల్ సన్నాయి. అంకెల్లో చూపిస్తే ఏ ఒక్కరికో అర్థమవుతుంది. పాటయితే అపస్వరం ఎవరి చెవికైనా గుచ్చుకుంటుంది.

మొదట్లో కింద మైదానం నుంచి చిన్న సీసాల్లో ప్రమాణ ద్రవం వచ్చేది. రోజూ ముందుగా దాన్ని పెట్టెలో వేస్తే పలికేదే మా సా. దాన్నిబట్టి మిగతా అందరినీ వినేవారు. ఆ ఫ్యాక్టరీ నీళ్ళలో మునిగాక సీసాలు ఆగిపోయాయి. చాలా ఊళ్ళు పెట్టెలు మూసేశాయి. మా సన్యాసమ్మ మూయలేదు. "పాడీవోలు ఎవుల శ్రుతి ఆలు ఎట్టుకోరేటి? శ్రుతి ఆకాశంనుంచి ఊడిపడదు. ఊర్లో నిలకడైన మనిసిని సూసి, ఆ మనిసి సుక్కతోనే సా ఎడదాం" అంది. ఊరందరినీ విని నన్ను ఎంచింది. చుట్టుపక్కల మరి రెండు మూడు కొండ ఊళ్ళు మమ్మల్ని చూసి ఇదే పద్ధతి పెట్టుకున్నాయి. అప్పటినుంచీ మెట్టపేటకి సా నేనే. గొప్ప చెప్పుకుంటున్నానంటే, అవును, చెప్పుకుంటున్నాను.

కస్తూరిని బల్ల మీద కూర్చోబెట్టి విన్నాను. పిల్లనగ్రోవి ఎక్కడో పైన తిరుగుతోంది. వీణా పైనే ఉంది. డప్పు సంగతి చెప్పక్కర్లేదు. సన్నాయి గుక్కపెట్టి ఏడుస్తోంది. ఒక్కటీ నా సా దగ్గర నిలవలేదు. మళ్ళీ ఊట తీశాను, మళ్ళీ అంతే. ఒక చుక్క అద్దుడు కాగితం మీద ఆరబెట్టి గోడకి గుచ్చాను. కొత్తవాళ్ళందరికీ అలాగే చేస్తాం.

ఇంత ఎత్తున మోగే మనిషిని నా జన్మలో వినలేదు. ఇలాంటిదాన్ని సన్యాసమ్మ ఎగజబ్బు అనేది. పైకెళ్ళిన మనిషి ఒక్కసారిగా కూలిపోతుందని, పక్కవాళ్ళనీ లాగుతుందని చెప్పేది. శ్రుతిలో లేనివాళ్ళని ఊళ్ళో ఉంచకూడదు, ఘాట్ రోడ్డు దింపేయాలి. కింద ఏముంది? ఉప్పునీళ్ళూ ఆకలీ.

ఊరి పెద్ద కూర్మినాయుడి దగ్గరికి వెళ్ళాను. "నాయుడు బావూ, నా సెల్లెలి పిల్ల. నాకింక ఎవులూ నేరు. దించే సుక్కలేసి శ్రుతిలో ఎడతాను, గడువియ్యి" అన్నాను. కాదంటాడేమోనని దారంతా మాటలు కూర్చుకుంటూ వెళ్ళాను.

"నీ ఇష్టం దాలమ్మా" అన్నాడు. కూర్చుకున్న మాటలన్నీ దండగయ్యాయి.

"నాను బానే ఉన్నాను పెద్దమ్మా. నాకే జబ్బూ నేదు" అంది కస్తూరి. జబ్బున్నవాళ్ళు అనేదీ అదే. దాన్ని నా దగ్గర ఉంచుకోవాలంటే ఇదొక్కటే దారి. నాలుక మీద చుక్కలు వేశాను. చేదుకి మొహం చిట్లించింది గానీ మింగింది, వేసింది పెద్దమ్మ కదా అని.

శుక్రవారం

నీళ్ళ లారీ ఎర్రన్నతో తగువు పడ్డాను.

వాడి లారీ వచ్చేది పొద్దున్నే, స్పీకర్లలో శ్రుతి మోగుతుండగా. హారన్ కొడితే సరిగ్గా పంచమం మీద పడేది. సన్యాసమ్మ ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని వస్తూ ఆ రెండిటి మధ్యా కూనిరాగం తీసేవారు. కొంతకాలంగా ఆ హారన్ చెవిలో ముల్లులా దిగుతోంది. పంచమం దాటి ఎక్కడికో పోయింది. ఎర్రన్న హారన్ మార్చేశాడని ఊరంతా అంటోంది. అనడమే తప్ప వెళ్ళి అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. నేను వెళ్ళాను.

"నాను ముట్టుకోనేదప్పా" అన్నాడు.

"ముట్టుకోకుండా దానంతటదే పైకెక్కిపోనాదేటి?"

"మీకే అలగ ఇనిపిస్తంది. పంపుహౌసు కాడ ఎవులూ ఏటీ అన్నేదు."

"నా సెవికే వంక ఎడతన్నావేటి? ఈ ఊరి సెవి నాది."

"సెవి నీదే అప్పా. హారన్ మాత్రం నాది" అని మళ్ళీ ఒకసారి మోగించాడు, వెధవ.

కస్తూరి లారీ పక్కన నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "హమ్మయ్య, మీ ఊర్లో ఒక దెబ్బలాట సూసినాను" అంది. చుట్టూ బిందెలతో నిలబడ్డవాళ్ళలో ఒక్కరి మొహమూ కదల్లేదు. ఆ మొహాల మధ్య దాని నవ్వు నాకే సిగ్గనిపించింది. ఇంటికొచ్చి చుక్కల మోతాదు పెంచాను.

తర్వాతి వారం, బుధవారం

చుక్కలు పనిచేస్తున్నాయి. కస్తూరి పాడడం మానేసింది. పొద్దున శ్రుతి మోగాకే లేస్తోంది. గంజి చేతికిస్తే తాగుతోంది. మిరపకాయ ఊసు లేదు. నిన్న వాళ్ళమ్మ ఉప్పు ఎత్తేటప్పుడు ఏదో పాట పాడేదని చెప్పబోయి, మధ్యలో ఆగి "సరేలే" అంది.

ఇవాళ విన్నాను. పిల్లనగ్రోవి మెల్లగా దిగి నా సా మీద వాలింది. వీణ కలిసిపోయింది. డప్పు నడుస్తున్నట్టుంది. సన్నాయి ఉందా లేదా అన్నట్టుంది. ఇంత చక్కగా కుదిరిన పాట నేను విని చాలాకాలమైంది. నాయుడికి వినిపించి నీళ్ళ వంతు రాయించాను. దాన్ని ఇంక ఎవరూ కొండ దింపరు. ఆ ఒక్కటీ అయితే చాలు నాకు.

పెట్టె పని నేర్పుతున్నాను. చెవి ఉన్న పిల్ల, ఒకసారి చెబితే చాలు. నా తరవాత ఈ బల్ల దానిదే.

ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. నేను కోరుకున్నది ఇదే. అయినా మధ్యాహ్నం ఊరికే, "ఏదన్నా పాడవే" అన్నాను.

"దేనికి పెద్దమ్మా?" అంది.

దేనికో నాకూ తెలియలేదు. పళ్ళెం కడగడానికి లేచాను.

శనివారం

ఎలాగైనా ఎర్రన్న నోరు మూయించాలని స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళాను. "ఇప్పుతావా? ఇప్పుకో" అని వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హారన్ బోల్టులు తుప్పుపట్టి రేకులో కలిసిపోయాయి. వాటిమీద పాత రంగు పెచ్చులు కట్టి ఉంది. ఏళ్ళ తరబడి ఏ పానా తగల్లేదని నాకే కనబడుతోంది. సీటు కింద పాడైపోయిన ఇంకో లారీ హారన్ ఉంటే దాన్నీ బ్యాటరీకి తగిలించి మోగించాడు. అదే స్వరం. ఇదీ పంచమం పైనే, అంతే ఎత్తున.

రెండు హారన్లు కూడబలుక్కుని ఒకేలా ఎక్కవు. ఇనుముకి జబ్బు చేయదు.

వాణ్ణి కాసేపు ఉండమని చెప్పి ఇంటికొచ్చాను. గోడకి గుచ్చిన కస్తూరి కాగితం తీశాను, అది వచ్చిన మర్నాడు ఆరబెట్టినది. నీటి చుక్కతో తడిపి, నా ఊట బదులు దాన్ని పెట్టెలో పెట్టి, అదే సా అనుకో అన్నాను. శ్రుతి లేచింది. ఎంత పైకి లేచిందంటే కిటికీ రేకులు అదిరాయి. బయట ఎర్రన్నకి చెయ్యి ఊపాను. హారన్ కొట్టాడు. సరిగ్గా పంచమం మీద పడింది.

ఆ సా మీదే ఈ వారం తీసిన అందరి ఊటలూ వరసగా విన్నాను. నాయుడిది, పిండిమర సోములుది, బడి ఎందుకు మూసేశారో ఇప్పుడెవరికీ గుర్తులేని పంతులమ్మది. ఒక్కరిదీ సా దాకా రాలేదు. అందరి పిల్లనగ్రోవులూ కింద ఎక్కడో పాకుతున్నాయి. కొందరిలో స్వరం కన్నా గాలి చప్పుడే ఎక్కువ. చివర నాది విన్నాను. నాది అందరికంటే కింద ఉంది.

అర్థమైంది రాస్తున్నాను. నేను దిగాను. నాతోపాటు శ్రుతి దిగింది. ఊరు కూడా దిగుతూ ఉంది గనక ఏ పూటా అపస్వరం వినబడలేదు. కూర్చునే జబ్బు మళ్ళీ వచ్చింది, ఈసారి మెల్లగా వచ్చింది, రోజూ పొద్దున్నే నేనే దాన్ని స్పీకర్లలో పెట్టి ఊరికి వినిపించాను. అందరూ బాగున్నారని రాశాను. ఈ ఊళ్ళో నిజంగా బాగున్న మనిషి ఒక్కతే వచ్చింది. ఆమెకి జబ్బని పేరుపెట్టి, చేదు చుక్కలు పోసి, మాలో కలిపేశాను.

ఇక్కడ గుండె గుభేలుమనాలి. అనలేదు. గంజి చల్లారిపోతోందని లేచాను.

ఆదివారం

పొద్దున నా ఊట వేయలేదు. కస్తూరి కాగితాన్నే పెట్టి సరైన శ్రుతిని ఊరంతా మోగించాను. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి చెవులు మూసుకున్నారు. కాసేపటికి నాయుడు వచ్చాడు.

"అదేటి దాలమ్మా, సెవులు పోటెడతన్నాయి."

కూర్చోబెట్టి అంతా చెప్పాను. అతని ఊట అతనికే వినిపించాను, ముందు నా సా మీద, తరవాత సరైన సా మీద. నాయుడు తెలివితక్కువవాడు కాదు. మొత్తం అర్థమైంది. "అంటే మనందరికీ ఒచ్చీసినాదన్నమాట" అన్నాడు.

"ఒచ్చీసినాది."

"మరి మందో?"

మందు సంగతీ చెప్పాను. దించే చుక్కలు అలమర నిండా ఉన్నాయి, వాటి అవసరం మాకు ఎప్పుడూ పడలేదు గనక. ఎత్తే చుక్కలు ఒక్క సీసా మిగిలింది. కొత్తవి చేసేవాళ్ళు ఎక్కడా లేరు. ఊరందరికీ పంచితే నాలుక తడవడానికి కూడా చాలవు. ఒక్క మనిషికయితే సరిపోతాయి.

"అయితే ఎవులికిస్తావు?"

"అది నువ్వు సెప్పాల. ఊరందర్నీ పిలువు. పిలిసి అడుగు" అన్నాను.

పిలిచాడు. వచ్చారు. నేను అరుగు మీద నిలబడి సీసా ఎత్తి చూపించాను. ఇదొక్కటే ఉంది, మనలో ఒక్కరే లేస్తారు, మిగతావాళ్ళం ఇవాళో రేపో కూర్చుంటాం అని గొంతు చించుకుని చెప్పాను. ఇంకో ఊరయితే ఆ సీసా కోసం తలలు పగిలేవి. బిడ్డల్ని ముందుకి తోసేవాళ్ళు, నా కాళ్ళ మీద పడేవాళ్ళు. ఇక్కడ అందరూ శ్రద్ధగా విన్నారు. పిండిమర సోములు, "ఎవులికిచ్చినా ఒకటేలే" అన్నాడు. పంతులమ్మ, ఆ పై శ్రుతి తీసేసి పాతది పెట్టమని నెమ్మదిగా అడిగింది. తరవాత ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళారు.

పాతదే పెట్టాను. వాళ్ళ మీద అరవాలని ఉంది. ఉంది అని రాస్తున్నాను గానీ నిజానికి అది అలవాటు. నలభయ్యేళ్ళుగా అరుస్తున్నాను గనక నోటికి దారి తెలుసు.

ఈ జబ్బు నీళ్ళదా, గాలిదా, మేం తినే సామలదా తెలియదు. తెలుసుకోవాలని మనసు లాగాలి. అలా లాగేది పిల్లనగ్రోవే. నాలో అది లేదు.

సోమవారం

సీసా కస్తూరికి. దీనికి పెద్దగా ఆలోచించలేదు. అది దిగింది చుక్కలతో, జబ్బుతో కాదు. దాన్ని లేపడం తేలిక. పైగా లేచాక పోవడానికి దానికి కాళ్ళున్నాయి, ఎర్రన్న లారీ ఉంది. నేను తాగితే లేచి చూసేది ఈ ఊరినే కదా.

దాన్ని పిలిచి చెప్పాను, నీకు జబ్బు లేదు, తప్పు నాది, ఇది తాగు అన్నాను.

"ఎందుకు పెద్దమ్మా?" అంది. "ఇలగ బాగున్నాది."

"బాగునేదే. నీకు బాగున్నట్టు ఉన్నాది. నువ్వు వొచ్చిన రోజు ఎలగున్నావో గుర్తు తెచ్చుకో."

"ఊరికే ఏడ్సీదాన్ని. అలుపొచ్చీది" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

నేను దానికి అంత బాగా నేర్పాను. తిట్టాను, బతిమాలాను. సీసా మూత తీసి నోటి దగ్గర పెడితే పెదాలు బిగించింది, కోపంతో కూడా కాదు. చివరికి ఆ పూట వేయాల్సిన చుక్కలు గంజిలో కలిపి ఇచ్చాను. చేతికిచ్చింది తాగడం అలవాటైపోయింది కదా, తాగేసింది. దించే చుక్కలు ఆపేశాను. ఇంక రోజూ ఇంతే.

ఏ వారమో

పొద్దున లేవడానికి చాలాసేపు పట్టింది. శ్రుతి ఆలస్యమైంది. ఎవరూ ఎందుకని అడగలేదు. పిండిమర సోములు మర ముందు కూర్చున్నాడు, నిన్నటినుంచీ అక్కడే ఉన్నాడట. పక్కన పిండి తీసుకోవడానికి వచ్చిన ఇద్దరు కూడా కూర్చున్నారు.

మధ్యాహ్నం గంజి ఇస్తే కస్తూరి ఒక గుక్క తాగి ఆగింది. గ్లాసులోకి చూసింది.

"ఉప్పు నేదు" అంది.

నేను నా గ్లాసు ఖాళీ చేశాను.

"పెద్దమ్మా, ఇందులో ఉప్పు నేదు. ఇన్నాళ్ళూ ఇదేటి తాగినాను నాను?"

ఉప్పుమళ్ళ పిల్ల. లేచి వెళ్ళి డబ్బాలన్నీ వెతికి, ఉప్పు తెచ్చి వేసుకుంది. సీసా అడుగున ఉన్న నాలుగు చుక్కలూ సాయంత్రం గంజిలో పోసేశాను. దాచుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. త్యాగమని ఎవరైనా అనుకుంటారేమో. కాదు. నాకేమీ కావాలనిపించదు, అంతే.

ఆ తర్వాత

కస్తూరి లేచింది.

పొద్దున అది ఏడుస్తుంటే మెలకువ వచ్చింది. మంచం మీద కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకుని, "మా అమ్మ సచ్చిపోనాది పెద్దమ్మా" అంది. వార్త ఇప్పుడే తెలిసినట్టు అంది. అవును, ఇప్పుడే తెలిసింది. నేను మధ్యలో కోసేసిన ఏడుపంతా ఒక్కసారి వచ్చింది. జ్వరంలో నరసమ్మ నన్ను తలుచుకుందట. అప్ప దగ్గరికి పో, అప్ప నిన్ను బాగా సూసుకుంటాది అందట. 

"నువ్వు ఏడవ్వేటి?" అని నా భుజాలు పట్టుకుని ఊపింది. "నీ సెల్లెలు కాదేటి? ఒక్క కన్నీటి బొట్టు రాదేటి నీకు?"

రావాలి. వస్తుందేమోనని చూశాను. రాలేదు.

తరవాత దానికి అన్నీ అర్థమయ్యాయి. చుక్కలెందుకు వేశానో, శ్రుతి ఎలా దిగిందో, సీసా ఎలా ఖాళీ అయిందో. నన్ను నానా తిట్లూ తిట్టింది. "నమ్మి నాలిక సాపినాను నీకు" అంది. ఆ మాట తగలాల్సిన చోట తగిలితే బాగుండును అనుకున్నాను. సీసా కడిగి ఆ నీళ్ళు నా నోట్లో పోసింది. ఇద్దరం ఆగి చూశాం. నీళ్ళ రుచి తప్ప ఏమీ లేదు.

అది బయటికి పరుగెత్తింది. నేను బల్ల మీద కూర్చునే ఉన్నాను, కిటికీలోంచి కనబడుతోంది. సోములుని చంకల కింద చేతులేసి లేపబోయింది. నాయుడి అరుగెక్కి ఆయన చెయ్యి పట్టి లాగింది. తిరిగి లోపలికొచ్చి, స్పీకరు తీగ పెట్టె నుంచి ఊడదీసి, మైకు తగిలించి ఊరంతటికీ వినబడేలా అరిచింది. "లెగండి. ఎవులైనా ఒకలు లెగండి. నాతో రండి." పేర్లు పెట్టి పిలిచింది. ఇన్నాళ్ళూ ఒక్కరితో సరిగ్గా మాట్లాడలేదు గానీ అందరి పేర్లూ తెలుసు దానికి. కొందరు తలలు తిప్పారు. ఒక్కరూ లేవలేదు.

హారన్ వినబడింది. ఎర్రన్న లారీని నా గుమ్మం దాకా తెచ్చాడు. అలా ఎప్పుడూ తేడు. లోపలికొచ్చి నన్ను చూసి, "దా అప్పా, పోదాం" అన్నాడు. ఒక చెయ్యి వాడు, ఒక చెయ్యి కస్తూరి పట్టుకున్నారు. నా కాళ్ళు నేల మీద ఆన్చమని వాటికి చెప్పాను. అవి విన్నాయో లేదో తెలియదు. బరువుగా జారి మళ్ళీ బల్ల మీద కూలబడ్డాను. మళ్ళీ పట్టుకున్నారు. మళ్ళీ అంతే.

"రేపటి లారీకొస్తాను. నువ్వు పో" అన్నాను.

"నువ్వు రావు" అంది కస్తూరి.

"రాను. పోవే."

కాళ్ళ దగ్గర కూర్చుని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. అది ఏడుస్తుంటే, ఎందుకింత గోల చేస్తుంది అనిపించింది. అదొక్కటే అనిపించింది. అది నా మాట కాదని, జబ్బు మాట అని నాకు తెలుసు. తెలిసినా ఇంకో మాట రాలేదు. చెయ్యి ఎత్తి దాని తల మీద పెట్టాను. పెద్దమ్మ అయినవాళ్ళు అలా చేస్తారు.

లేచి మొహం తుడుచుకుంది. మా పద్ధతి పెట్టుకున్న కొండ ఊళ్ళకి పోయి చెబుతుందట. మనిషి చుక్కతో సా పెట్టొద్దని, ముందు ఇనుముని వినమని చెబుతుందట. వింటారో లేదో. అక్కడా ఈపాటికి ఎవరు ఎంత దిగారో. ఎర్రన్న దాన్ని చెయ్యి పట్టి ఎక్కించాడు. లారీ మలుపు తిరిగేదాకా అది ఇటే చూస్తూ ఉంది.

ఊరు చప్పుడు లేకుండా ఉంది. పెట్టె నా పక్కనే ఉంది, సూదిబిళ్ళ చేతికి అందేంత దూరంలోనే ఉంది. అందుకోలేదు.

"నరసమ్మా" అని పైకి అన్నాను. కళ్ళు తడుముకున్నాను, పొడిగా ఉన్నాయి. చిన్నప్పుడు దాన్ని చంకనేసుకుని నీళ్ళకి వెళ్ళడం, అది నా జడ లాగడం, అన్నీ గుర్తున్నాయి. వరసగా తలుచుకున్నాను. మళ్ళీ పేరు పెట్టి పిలిచాను. ఎండ గుమ్మం దాటి నా కాళ్ళ మీదికి వచ్చింది. ఏడుపు వస్తుందేమోనని ఇంకా కూర్చునే ఉన్నాను.